తెర మీదికి రాని మాట

ఆఫీసులో ఆమెను అందరూ బొమ్మలక్క అనేవారు. ఆమె బొమ్మలు వేసేదీ కాదు, ఆడించేదీ కాదు. ఇళ్ళకు ప్లాన్లు గీసే ఇంజనీర్ల కోసం ఆ కంపెనీ ఒక ప్రోగ్రాం తయారుచేసేది. అందులో తెర మీద కనబడే ప్రతి గీతా, ప్రతి గడీ, ప్రతి రంగూ ఆమె చేతి మీదుగా రావలసిందే. లోపలి లెక్కలన్నీ వేరేవాళ్ళు రాసేవారు. “మీరు లోపల ఎంత గొప్పగా వండినా వడ్డించేది నేనేగా!” అని ఆమె వాళ్ళను ఉడికించేది.

కొత్తగా చేరినవాళ్ళకు మొదటి పాఠం ఆమే చెప్పేది. తెర మీద గీత గీయాలంటే కంప్యూటరును ఒక కలం అడగాలి, రంగు నింపాలంటే ఒక కుంచె అడగాలి. పని కాగానే దేనికది తిరిగి ఇచ్చెయ్యాలి. ఇవ్వకపోతే కంప్యూటరు అప్పటికప్పుడు ఏమీ అనదు. మారు మాట్లాడకుండా ఇంకొకటి ఇస్తుంది. అలా ఇస్తూ ఇస్తూ ఏదో ఒక వేళ ఉన్నట్టుండి ఇక లేదు పొమ్మంటుంది. అప్పుడు గడులు నల్లబడతాయి, అక్షరాలు మాయమవుతాయి, చూసేవాడికి కారణం అంతుబట్టదు. “పక్కింటి గిన్నె తెచ్చుకుంటే ఏం చేస్తాం? కడిగి ఇచ్చేస్తాం కదా. ఇదీ అంతే. మీ కోడు ఏ దారిన బయటికి పోయినా సరే, ఇచ్చి మరీ పోవాలి” అనేది. కుర్రాళ్ళు ఆమె వినేలాగే “ఒరేయ్, గిన్నె ఇచ్చావా?” అని ఒకర్నొకరు అడిగి నవ్వుకునేవారు. ఆమె కూడా నవ్వేది.

ఆమె ఒంటరి మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగిన వాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పేది కాబట్టి అసలు సంగతి ఎవరికీ తెలియదు. నా అన్నవాడు ఒక్క తమ్ముడు. అతను ఊరికి ఆ చివర, రెండు బస్సులు మారి వెళ్ళేంత దూరంలో భార్యతో కాపురం ఉండేవాడు. పిల్లలు లేరు. భార్య ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. అతను కారు నడపడం నేర్పేవాడు. ఆ పేటలో సగం మంది మొదటిసారి స్టీరింగు పట్టుకున్నది అతని పక్కన కూర్చునే. నోరు మూయడం తెలియని మనిషి. వణికిపోతూ వచ్చిన వాళ్ళతో “మీకెందుకండీ భయం? భయపడాల్సింది ఎదురుగా వచ్చేవాడు” అనేవాడు. ఆ మాటతో సగం భయం పోయేది. మిగతా సగం అతని వైపున్న రెండో బ్రేకు చూసుకునేది.

ఒకరోజు నీళ్ళసీసా మూత తిప్పలేకపోయాడు. నరం పట్టిందనుకున్నారు. తరవాత చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైంది. ఒక ఉదయం నేర్చుకునే ఆవిడ మలుపు దగ్గర కంగారుపడితే, తన వైపు బ్రేకు తొక్కబోయాడు. పాదం లేవలేదు. కారు వెళ్ళి గోడను రాసుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆవిడ క్షమించమని ఏడుస్తుంటే, “తప్పు మీది కాదమ్మా, నా కాలు నా మాట వినలేదు” అన్నాడు. ఆ సాయంత్రమే కారు మీదున్న బోర్డు ఊడదీయించాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరు దాపరికం లేకుండా చెప్పింది. కండరాలకు కబురు మోసే నరాలు ఒక్కొక్కటే పని మానేస్తాయి. చేతులు, కాళ్ళు, నోరు, ఆఖరికి ఊపిరి. బుద్ధి మాత్రం ఎప్పటిలాగే చురుగ్గా ఉంటుంది. వెనక్కి తిప్పే మందు లేదు. ఎంతకాలమని మరదలు అడిగితే “ఒక్కొక్కరిది ఒక్కో తీరు” అంది. బయటికి వచ్చాక తమ్ముడు అక్క వైపు తిరిగి, “బుద్ధి చురుగ్గా ఉంటుందట. ఇప్పటిదాకా లేనిది కొత్తగా వస్తుందేమో, చూద్దాం” అన్నాడు. అక్క నవ్వలేదు. మరదలు నవ్వబోయి మొహం అటు తిప్పుకుంది.

మాట పోవడం ఒక్కసారిగా జరగలేదు. మొదట ముద్ద మాటలు వచ్చాయి. అతను చెప్పేది బయటివాళ్ళకు అర్థం కావడం మానేసింది. తరవాత అక్కకు అర్థం కావడం మానేసింది. మరదలు మాత్రం చాలాకాలం అతని పెదవులు చూసి, “మంచినీళ్ళా? కిటికీ వెయ్యనా?” అంటూ పట్టుకునేది. ఒకనాటికి ఆమెకు కూడా అందలేదు. మంచం పక్కన నిలబడి ఏవేవో అడుగుతూ పోతోంది, అతను కాదు కాదని కళ్ళు మూస్తున్నాడు. కళ్ళు పైకెత్తితే అవును, గట్టిగా మూస్తే కాదు, అదీ వాళ్ళిద్దరి ఒప్పందం. చివరికి ఆమె వంటగదిలోకి వెళ్ళి కుళాయి విప్పుకుని నిలబడిపోయింది. ఆ రోజు అక్క ఆ ఇంట్లోనే ఉంది. కుళాయి నీళ్ళు దేనికోసం పారుతున్నాయో ఆమెకు తెలుసు.

అతని కుడిచేతి చూపుడువేలు ఇంకా కదులుతోంది. అక్క ఆ వేలి కోసం ఒక ప్రోగ్రాం రాసింది. తెర మీద గడులు గీసి, గడికో అక్షరం పెట్టింది. ఒక వెలుగు వరసల మీదుగా దిగుతూ ఉంటుంది. కావలసిన వరస రాగానే మీట నొక్కితే, ఆ వరసలో గడి గడికీ నడుస్తుంది. మళ్ళీ నొక్కితే ఆ అక్షరం పడుతుంది. హల్లు పడగానే దాని గుణింతం తెరుచుకుంటుంది. పడిన అక్షరాలు పైన ఒక పొడుగాటి గడిలో వరసగా చేరతాయి. మీట కోసం కాలింగ్ బెల్లు బటను ఒకటి తెచ్చి, అతని వేలి కింద పట్టీతో కట్టింది. అతను కాసేపు నొక్కకుండా ఊరుకుంటే వెలుగు ఆగిపోతుంది, కళ్ళకు విశ్రాంతిగా ఉంటుందని అలా పెట్టింది. ఇంట్లో దానికి పలక అని పేరు పడింది.

మొదటిసారి పలక ముందు కూర్చోబెట్టినప్పుడు ఆడవాళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఇన్నాళ్ళకు నోరు వచ్చిన మనిషి ఏమంటాడో అని. వెలుగు దిగింది, నడిచింది, మళ్ళీ దిగింది. చాలాసేపటికి పైగడిలో “వీపు దురద” అని పడింది. మరదలు నవ్వుతూ, ఏడుస్తూ, అతని వీపు గోకింది.

అతనికి తొందర ఎక్కువ. వత్తు పెట్టాలంటే ఇంకో నాలుగు నొక్కులు కావాలని వత్తులు మానేశాడు. అక్క వస్తే “అక వచావా” అని రాసేవాడు. “నన్ను సగం చేశావు కదరా” అనేది ఆమె. “సగమే చాలు” అని జవాబు. మరదలు కుట్టిన జాకెట్టు చూపిస్తే “బాగుది కాని గుడీలు లేవు” అన్నాడు. అది గుండీలని తెలుసుకోవడానికి ఇద్దరికీ చాలాసేపు పట్టింది. సున్నా కూడా మానేశాడన్నమాట! సున్నా మాత్రం పెట్టి తీరాలని ఇద్దరూ కలిసి గదమాయించారు.

తరవాత కొన్ని బాధలు చెప్పాడు. వెలుగు జరిగినప్పుడల్లా తెర మొత్తం మిణుకుమంటోంది, కళ్ళు లాగుతున్నాయని ఒకటి. ప్రతిసారీ అంతా చెరిపి కొత్తగా గీయడం వల్ల అలా అవుతోంది. కనబడని కాగితం మీద ముందే గీసిపెట్టుకుని, ఒక్కసారిగా తెర మీద పరిచేలా ఆమె మార్చింది. మిణుకు పోయింది. వాడని అక్షరాలు అడ్డంగా ఉన్నాయని ఇంకోటి. “ఙ తో నాకేం పని” అని రాశాడు. ఙ, ఞ, ఇంకా అలాంటివి తీసేసింది. గడులు మాత్రం ఖాళీగా ఉంచింది. మిగతా అక్షరాలు జరిపితే అతని వేలికి అలవాటైన లయ తప్పుతుందని. ఖాళీ గడి వస్తే ఏమీ గీయకుండా వెనక్కి వచ్చెయ్యమని ఒక్క లైను రాసింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నం తిని, తమ్ముడితో వాదులాడుతూ రాసిన లైను అది.

ఆ తరవాత నుంచి పలక నల్లబడడం మొదలైంది.

“వదినా, పలక మళ్ళీ నల్లబడింది” అని మరదలు ఆఫీసుకు ఫోను చేసేది. గడుల్లో నలుపు తప్ప ఏమీ ఉండదు, పైగడి కూడా పోతుంది. “ఆపి మళ్ళీ పెట్టమ్మా” అనేది ఈమె. పెడితే బాగుండేది. సాయంత్రం ఈమె వెళ్ళి చూసేసరికి పలక ఏ జబ్బూ లేనట్టు కూర్చునేది. ఆఫీసులో తన కంప్యూటరు మీద రోజంతా తెరిచి ఉంచి చూసింది. ఏమీ కాలేదు. మెమరీ ఎంత వాడుతోందో చూసింది. పెరగడం లేదు. ఇంట్లోది పాత కంప్యూటరు కాబట్టి దానిదే లోపమనుకుని, కొత్త మెమరీ కొని బిగించింది. మళ్ళీ నల్లబడింది. అప్పట్లో ఆఫీసులో పని నెత్తి మీద ఉంది. “వచ్చే ఆదివారం తీరిగ్గా చూస్తాను. అందాకా మధ్యాహ్నం భోజనాల వేళ నువ్వే ఒకసారి ఆపి పెట్టెయ్యి” అంది మరదలితో. ఉపాయం పనిచేసింది. పనిచేసింది కాబట్టి వచ్చే ఆదివారం మళ్ళీ వచ్చే ఆదివారమైంది.

అది మామూలు రోజే. పొద్దున్నే అతను భార్యను పిలిచి “చదవకు, అయాక పిలుసా” అని రాశాడు. అయ్యాక పిలుస్తానని. ఆమెకు సరదాగా అనిపించింది. సరేనని ఆ మాట చెరిపేసి, ముందుగదిలోకి వెళ్ళి అతనికి వీపు పెట్టి మిషను దగ్గర కూర్చుంది. మిషను ఆపినప్పుడల్లా బటను చప్పుడు వినిపిస్తూనే ఉంది. అంతసేపు ఏకబిగిన అతను ఎన్నడూ రాయలేదు. భోజనం వేళకు వెళ్ళి పిలిస్తే కళ్ళు గట్టిగా మూశాడు. తెర వైపు చూడకుండా వచ్చేసింది. ఇంకోసారి వెళ్ళింది. మళ్ళీ కాదన్నాడు. పలకను ఆపి పెట్టే వేళ అలా దాటిపోయింది.

ఎండ గుమ్మంలోంచి వెనక్కి తగ్గుతున్నప్పుడు బటను చప్పుడు గబగబా వినబడింది, వెంటనే గొంతులోంచి ఒక మూలుగు. పరుగున వెళ్ళింది. పలక నల్లగా ఉంది. “కంగారు పడకండి, ఇదిగో, ఒక్క నిమిషం” అంటూ కంప్యూటరు వైపు వంగింది. అతను కళ్ళు గట్టిగా మూశాడు. తెరిచి మళ్ళీ మూశాడు. తొందరపడుతున్నాడనుకుంది. విసుగనుకుంది. ఆపి మళ్ళీ పెట్టింది.

పలక వచ్చింది. గడులన్నీ చక్కగా ఉన్నాయి. పైగడి ఖాళీగా ఉంది.

జబ్బు తెలిసిన రోజున కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. తుడుచుకోవడానికి చేతులు రావు. మరదలు తుడుస్తూ, “ఏం రాశారండీ? నాకు చెప్పండి, మొదట్నించీ చెప్పండి, నేనిక్కడే కూర్చుంటాను” అని బతిమాలింది. వేలు కదపలేదు.

సాయంత్రం అక్క గుమ్మంలో కాలు పెట్టగానే మరదలు జరిగిందంతా చెప్పింది. ఆమె చెప్పులు విడవడం మరిచిపోయి అక్కడే నిలబడి వింది. మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టింది. తమ్ముడింటికి వచ్చే దారిలో బస్సులో కూర్చుని ఆలోచిస్తుంటే, ఇంతకాలం తట్టని సంగతి అప్పుడు తట్టింది. ఆఫీసులో తను తెరిచి ఉంచిన పలక ముందు ఎవరూ లేరు. మీట నొక్కేవాళ్ళు లేకపోతే వెలుగే నడవదు. పలక పాడయ్యేది మాట్లాడితేనే!

తమ్ముడి పక్కన కుర్చీ వేసుకుంది. “ఇవాళంతా మాట్లాడుతూ ఉండరా. నువ్వు మాట్లాడితేనే అది చెడుతుంది. చెడితేనే నాకు దొరుకుతుంది” అంది.

“ఏం మాటాడను” అని పడింది.

“నీ ఇష్టం. ఏమీ తోచకపోతే నన్ను తిట్టు.”

అతను నిజంగానే తిట్టడం మొదలుపెట్టాడు. “చినపుడు నా సైకిలు తొకి గుంటలో పడేసింది నువే, నానకి నా పేరు చెపావు” అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. గుంటలో పడేసింది నువ్వే, నేను లాగాను అంది. అబదం అన్నాడు. లెక్కల్లో తప్పినప్పుడు తను మార్కుల కాగితం బియ్యం డబ్బాలో దాచిన సంగతి అక్క ఎవరికీ చెప్పలేదని, ఆ ఒక్కటీ మాఫీ అన్నాడు. కారు నేర్చుకోమని ఎన్నిసార్లు పిలిచినా రాలేదేం అని అడిగాడు. “నీ నోటి పక్కన కూర్చుని ఎవరు నడుపుతారురా?” అంది. అతని కళ్ళ చివర్లు ముడతలు పడ్డాయి. నవ్వంటే అప్పటికి అంతే మిగిలింది. అంతసేపు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం పెద్దవాళ్ళయ్యాక అదే మొదలు. సాయంత్రాలు వచ్చి ఒక గంట ఉండి, బస్సు వేళైందని లేచిపోయే ఆమెకు తమ్ముడు ఇంకా ఇంతగా మిగిలి ఉన్నాడని తెలియదు.

ఒక కన్ను అతని మాట మీద, ఒక కన్ను తెర మూలన ప్రోగ్రాముల లెక్క చూపించే చిన్న కిటికీ మీద పెట్టింది. మెమరీ అంకె కదలడం లేదు. అప్పుడు మామూలుగా ఎవరూ తెరవని ఇంకో వరస తెరిచింది. ప్రోగ్రాం తెచ్చుకుని ఇంకా తిరిగి ఇవ్వని కలాలు, కుంచెలు, కాగితాలు ఎన్నో చెప్పే వరస. ఆ అంకె పెరుగుతోంది. కాసేపు నిలకడగా ఉండి, చటుక్కున పెరుగుతోంది. వెలుగు క వరస, చ వరస చివరికి వచ్చినప్పుడు పెరుగుతోంది. ఙ ఉండవలసిన చోట. ఞ ఉండవలసిన చోట.

కోడు తెరిచింది. వెతకనక్కర్లేకపోయింది. కనబడని కాగితం ఒకటి తీసుకో, కుంచె ఒకటి తీసుకో, గడిలో ఏమీ లేకపోతే వెనక్కి వచ్చెయ్. తీసుకున్నవి తిరిగి ఇచ్చే లైన్లు ఆ కింద ఉన్నాయి. ఖాళీ గడి దారిన పోతే కోడు అక్కడిదాకా రానే రాదు. కొత్తవాళ్ళు ఎవరైనా రాసుంటే ఆమె మొదటి చూపులోనే పట్టుకుని అందరి ముందూ నవ్వి సరిచేయించేది.

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. తమ్ముడు తెర వైపు కాక ఆమె మొహం వైపే చూస్తున్నాడు.

“దొరికిందా”

“దొరికింది.”

“ఎవరిది తపు”

“నాదేరా.”

వెలుగు చాలాసేపు తిరిగింది. “నేనూ గోడకి గుదాగా” అని పడింది. ఆమె అతని మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

అతను మళ్ళీ నొక్కడం మొదలుపెట్టాడు. ఈసారి నెమ్మదిగా. “నిన నలబడితే మాటలు లోపల ఉనాయా”

అబద్ధం చెప్పడానికి ఆమెకు వ్యవధి ఉంది. వాక్యం సగంలో ఉండగానే ఏమడుగుతున్నాడో తెలిసిపోయింది. అయినా అతనికి అబద్ధం చెప్పాలని తోచలేదు. “ఉన్నాయిరా. గీయడం ఒక్కటే ఆగిపోయింది. నువ్వు రాసింది రాసినట్టే లోపల ఉంది.”

“ఆపకపోతే”

“నేను వచ్చి తీసేదాన్ని.”

ముందుగదిలో మిషను నడుస్తోంది. మరదలు ఏదో పొడుగు కుట్టు వేస్తోంది. ఆ చప్పుడు ఎడతెగకుండా వస్తోంది. వాళ్ళిద్దరూ కాసేపు దాన్నే విన్నారు.

“దానికి చెపకు” అని పడింది.

ఆమె తలూపింది. అది చాలలేదు. ఆమె నోరు తెరిచి “చెప్పను” అనేదాకా అతను కళ్ళు ఆమె మీదినుంచి తియ్యలేదు.

“మళ్ళీ రాయరా. ఇప్పుడు పోదు. నేను బయట కూర్చుంటాను, ఇద్దరం చూడం” అంది. అతను కళ్ళు గట్టిగా మూశాడు. కాసేపయ్యాక ఆమె అడగకుండానే ఒక మాట పడింది. “అది అపుడు వచింది”

ఆమె సరిచేసింది. సరిచేయడానికి పట్టిన సమయం చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడేంత తక్కువ. ఏ దారిన పోయినా తీసుకున్నవి ఇచ్చి పోయేలా మార్చింది. పడిన ప్రతి అక్షరం అప్పటికప్పుడు డిస్కులో దాచుకునేలా రాసింది. దీపాలు పెట్టే వేళ వరకు ఇద్దరూ పలకను మాటలతో నడిపించారు. అంకె కదలకుండా నిలబడింది. మరదలు వచ్చి “బాగైందా వదినా?” అని అడిగితే బాగైందని చెప్పింది. తిరిగి వెళ్ళేటప్పుడు దిగవలసిన చోట దిగలేదు. కండక్టరు ఆఖరి స్టాపు అని చెబితే లేచింది.

తరవాత పలక ఒక్కసారీ నల్లబడలేదు. అది ఎంత బాగా పనిచేయడం మొదలుపెట్టిందో, వేలు అంత బలహీనపడింది. రోజుకు నాలుగు మాటలు, తరవాత రెండు. “దిండు”. “చాలు”. “గాలి”. బటను చప్పుడు వినబడగానే మరదలు మిషను పెడలు మీదినుంచి కాలు తీసేసేది. చప్పుడు ఎంతసేపు సాగుతుందో అని చెవి ఒగ్గి కూర్చునేది. ఎక్కువసేపు సాగితే లేచి నిలబడేది. వెళ్ళి చూస్తే “ఫాను తగించు” అని ఉండేది. తగ్గించి వచ్చి కూర్చునేది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అక్క చూసింది, అంతే.

వేలు కూడా ఆగిపోయాక కళ్ళు మిగిలాయి. అవును, కాదు. వానాకాలం మొదట్లో ఒక ఉదయం, మరదలు మొహం తుడుస్తుండగా ఊపిరి తీసుకోవడం మానేశాడు. నిద్రలోకి జారుకున్నట్టే ఉందని ఆమె తరవాత అందరికీ చెప్పింది. కారు నేర్చుకున్న వాళ్ళు చాలామంది వచ్చారు. ఇరుకు వీధిలో ఎవరి కారూ గీసుకోకుండా ఒకదాని వెనక ఒకటి సర్దిపెట్టుకున్నారు. అది చూసి అక్కకు మొదటిసారి ఏడుపు ఆగలేదు.

అద్దెకు తెచ్చిన ఆసుపత్రి మంచం తీసుకుపోవడానికి మనుషులు వచ్చిన రోజున ఆమె కూడా వెళ్ళింది. మంచం వెళ్ళిపోయాక గది ఉన్నట్టుండి పెద్దదైపోయింది. ఇద్దరూ కింద కూర్చున్నారు.

“వదినా, ఒకటి అడుగుతాను. నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పొద్దు, నిజం చెప్పండి” అంది మరదలు.

“అడుగు.”

“ఆ రోజు ఆయన రాసింది నేను ఆపబట్టే పోయిందా?”

“కాదు. నల్లబడినప్పుడే పోయింది. నువ్వు ఆపినా ఆపకపోయినా ఒకటే.”

“నిజంగానా?”

“పలక రాసింది నేను. నాకు తెలీదా? తప్పు పలకలో ఉంది. పలక నాది. నువ్వు చేసిందేమీ లేదమ్మా.”

“అలా అనకండి. మీరు లేకపోతే ఆయనకి ఒక్క మాట కూడా ఉండేది కాదు.” మరదలు కొంగుతో నేల మీద మంచం కోళ్ళు పెట్టిన మచ్చ తుడుస్తూ కూర్చుంది. మళ్ళీ అడిగింది. “నేను కంప్యూటరు ఆపబోతుంటే కళ్ళు మూశారు వదినా. రెండుసార్లు. వద్దని కదూ?”

తమ్ముడికి ఇచ్చిన మాటలో ఇది లేదు. ఇది అక్క సొంతంగా చెప్పవలసి వచ్చింది. “పొద్దుటినుంచీ రాసి అలిసిపోయాడు. కళ్ళు మండుంటాయి” అంది. ఆఫీసులో కొత్తవాళ్ళకు సంగతులు చెప్పే గొంతుతోనే, తడబడకుండా అంది. మరదలు ఆమె మొహంలోకి కొంచెంసేపు చూసి, ఎన్నాళ్ళనుంచో పట్టి ఉంచిన ఊపిరి వదిలింది. గోడకు తల ఆనించుకుంది. అలాగే నిద్రపోయింది కూడా. అక్క కదిలితే మెలకువ వస్తుందని కాళ్ళు తిమ్మిరెక్కేదాకా కదలకుండా కూర్చుంది.

ఆఫీసులో కొత్తవాళ్ళకు మొదటి పాఠం చెప్పే పని ఆమె వేరే ఒకతనికి అప్పగించింది. గొంతు బాగాలేదంది. అతను ఆ పాఠం బాగానే చెప్పేవాడు. ఆమె తన గదిలో కూర్చుని తలుపు మూసుకునేది. ఇంకొన్నేళ్ళు పనిచేసి, రిటైరయింది. ఆసుపత్రిలో ఒకావిడ అడిగితే పలకను ఇంకా ఇద్దరు ముగ్గురు రోగుల ఇళ్ళలో పెట్టి వచ్చింది. వాళ్ళ ఇళ్ళ నుంచి ఫోను మోగితే చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి, ఆ రోజే వెళ్ళేది. చాలావరకు బటను వైరు ఊడి ఉండేది. బిగించి, కాసేపు కూర్చుని వచ్చేసేది.

ఆదివారాలు ఇప్పటికీ రెండు బస్సులు మారి మరదలి దగ్గరికి వెళుతుంది. కలిసి వండుకుంటారు. మరదలు కుట్టు పని పక్కన పెట్టి, అన్నాలయ్యాక కబుర్లలో పడుతుంది. వారాల తరబడి ఆ ఊసే రాదు. ఉన్నట్టుండి ఒక రోజు, “నన్ను మళ్ళీ చదువుకోమని రాసుంటారు వదినా. పెళ్ళయిన కొత్తలో ఆ పోరు పెట్టేవారు” అంటుంది. ఇంకోరోజు, “బహుశా నన్ను తిట్టుంటారు. నేను విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి కదా, అవన్నీ గుర్తుపెట్టుకుని ఒక్కసారే తిట్టుంటారు” అని నవ్వుతుంది. మళ్ళీ కాసేపటికి, “కాదులెండి, తిట్టడానికి అంతసేపు పట్టదు” అని తనే అంటుంది.

వదిన వింటుంది. అవుననదు, కాదనదు. “ఇంకా ఏముండొచ్చంటావు?” అని మాత్రం అడుగుతుంది. మరదలు ఆలోచించి ఇంకొకటి చెబుతుంది. బస్సు వేళ దాటిపోతున్నా వదిన లేవదు.